పెద్దల ఇళ్లూ, కాలువ గట్లూ

చరిత్ర ప్రసిద్ధమైన ఇళ్లను చూడటానికి జనం ఎందుకు వెళతారు? గొప్పవాడు పుట్టిన గది, పడుకున్న మంచం, రాసుకున్న బల్ల చూస్తే ఆ మనిషిని దగ్గరగా చూసినట్టు వుంటుందని చాలామంది సమాధానం చెబుతారు. అది నిజమే కావచ్చు. కాని ఏ ఇల్లూ తనంతట తాను నిలవదు. దాన్ని ఎవరో కట్టారు. ఎవరో రోజూ ఊడ్చారు, నీళ్లు మోశారు, పొయ్యి రాజేశారు. యజమాని పోయిన తర్వాత ఎవరో దాన్ని సంపాదించి, సున్నం కొట్టించి, బోర్డు తగిలించి, టిక్కెట్టు పెట్టారు. చూడవచ్చినవాడు వీరిలో ఎవరిని గురించి విని ఇంటికి పోతున్నాడో చెప్పండి. ఆ ఇల్లు చరిత్ర చెబుతున్నదో పురాణం చెబుతున్నదో తేల్చవచ్చు.

నేను కర్నూలులో ఒక కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఈ ఆలోచన నాకు పుస్తకాల వల్ల కలగలేదు, మా మామ వల్ల కలిగింది. ఆయన ముప్ఫై ఏళ్లకు పైగా కె.సి. కాలువ మీద లస్కరుగా పనిచేసి రిటైరైన మనిషి. తూములు ఎత్తటం, దించటం, గట్టు తెగితే రాత్రికి రాత్రి మట్టిమూటలు వేయించటం ఆయన ఉద్యోగం. ఆయన కొడుకు అమెరికాలో, వర్జీనియాలో, కంప్యూటరు ఉద్యోగంలో వున్నాడు. అమెరికా మొదటి అయిదుగురు అధ్యక్షులలో నలుగురు వర్జీనియా వాళ్లే. పోయిన వేసవిలో కొడుకు తల్లిదండ్రులను పిలిపించుకుని, పిల్లలతో సహా కారెక్కించి, వారంరోజులపాటు ఆ అధ్యక్షుల ఇళ్లన్నీ తిప్పి చూపాడు. అక్కడి మన తెలుగువాళ్లకు ఇదొక ఆనవాయితీ అయింది. ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తే నయాగరా జలపాతం, ఒక గుడి, ఒక అధ్యక్షుడి ఇల్లు చూపించి పంపుతారు.

మామ తిరిగివచ్చి చెప్పిన కబుర్లలో తివాచీలు లేవు, పింగాణీ లేదు. జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో గురించి ఆయన చెప్పింది ఇదొక్కటే: "కొండ నెత్తిన ఇల్లు కట్టుకున్నాడప్పా. బావి వుంది గాని ఎండిపోతావుండేదంట. మరి నీళ్లు ఎవరు మోసినారని అడిగితి."

నీళ్లతో బతికిన మనిషికి తప్ప ఈ ప్రశ్న తట్టదు. జవాబు అక్కడివాళ్లు దాచలేదట. బానిసలు మోశారు. మనుషులందరూ సమానులుగా పుట్టారని 1776లో ప్రకటన పత్రం రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను సొంత ఆస్తిగా వుంచుకున్నాడు. ఆ ఇంటి గోడలలోని ఇటుకలను కాల్చిన చేతులు వాళ్లవి. వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్‌లో 1799లో, అంటే ఆయన చనిపోయిన ఏడు, 317 మంది బానిసలు వున్నారు.

మామ మాటలు విన్న మా పదేళ్ల పాప ఒక ప్రశ్న వేసింది. "తాతా, మన పక్క రాష్ట్రపతి ఇల్లు లేదా? మనం పోలేమా?"

లేకేం. నీలం సంజీవరెడ్డి 1913లో పుట్టిన ఇల్లూరు అనంతపురం జిల్లాలోనే వున్నది. భూమిగల రైతు కుటుంబం. 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయినదీ, 1977లో రాష్ట్రపతి అయినదీ ఆయనే. కాని ఇల్లూరుకు పోయేవాడు తరిమెల కూడా చూసి రావాలి. ఆ ఊరి భూస్వామి కుటుంబంలో పుట్టి కమ్యూనిస్టు అయిన తరిమెల నాగిరెడ్డి సంజీవరెడ్డికి స్వయానా బావమరిది. 1952 ఎన్నికలలో అనంతపురంలో బావను ఓడించినవాడు. ఒకే ఇంటి చుట్టరికంలో నుంచి ఒకరు రాష్ట్రపతి భవనానికి పోతే, మరొకరు జైళ్లకూ అజ్ఞాతానికీ పోయి 1976లో మరణించారు. మొదటి ఊరి పేరు పోటీ పరీక్షల పుస్తకాలలో వుంటుంది, రెండవది వుండదు.

అనంతపురం వైపు మరోసారి పోదామని, దసరా సెలవులలో రెండు రోజులు బాడుగ కారు మాట్లాడుకుని కర్నూలు నుంచి కడపకు బయలుదేరాము. నేనూ, హైస్కూలులో సాంఘికశాస్త్రం చెప్పే నా భార్యా, ఇద్దరు పిల్లలూ, మామా. జొన్నరొట్టెలూ, చెనిక్కాయల పొడీ మూటకట్టుకున్నాము.

మొదట పోయింది పెద్దపాడు. కర్నూలుకు కూతవేటు దూరంలోని పల్లె. దామోదరం సంజీవయ్య 1921లో ఇక్కడ ఒక నిరుపేద దళిత కుటుంబంలో పుట్టాడు. తండ్రి పసితనంలోనే పోయాడు. కర్నూలులో మునిసిపల్ హైస్కూలు, అనంతపురంలో దత్తమండల కళాశాల, మద్రాసులో న్యాయవిద్య. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. భారతదేశంలో ఒక రాష్ట్రానికి దళితుడు ముఖ్యమంత్రి కావటం అదే మొదటిసారి. 1962 మార్చి దాకా ఆ పదవిలో వున్నాడు. తర్వాత అఖిల భారత కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యాడు. 1972లో మరణించేనాటికి చెప్పుకోదగ్గ ఆస్తి ఏమీ లేదని ఆయన ప్రత్యర్థులు కూడా ఒప్పుకుంటారు.

మేము కారు దిగి దారి అడిగితే ఒక ముసలామె మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఈడ చూసేకి ఏముంది సార్, చిన్న ఇల్లు" అన్నది. ఆమె మాటలో చిన్నతనం లేదు, ఆశ్చర్యం వుంది. చూడదగ్గ ఇల్లంటే పెద్దదై వుండాలని మనమందరం కలిసి ఆమెకు నేర్పాము. ఊళ్లోనూ బయటా చెప్పుకునే కథ ఒకటి వుంది. ముఖ్యమంత్రి అయిన కొడుకు తల్లి చేతిలో ఖర్చులకు డబ్బు పెడితే, "నాకు నువ్వున్నావు, నాలాంటి ముసలివాళ్లకు ఎవరున్నారు?" అని ఆమె అడిగిందట. కథ కథగానే వుండనీయండి. వృద్ధాప్య పింఛను ఆయన ప్రభుత్వ కాలంలోనే ఈ రాష్ట్రంలో మొదలయింది. మౌంట్ వెర్నన్‌లో యజమాని గొప్పతనం అక్కడి గదుల లెక్కలో కనిపిస్తుంది. పెద్దపాడులో చూడవలసినది ఇంటి గోడలలో లేదు, నెల మొదటి రోజున పింఛను కోసం ఎదురుచూసే ముసలివాళ్ల అరుగుల మీద వుంది.

అయితే సంజీవయ్య ముఖ్యమంత్రి కావటంతో పెద్దపాడు లాంటి పల్లెల్లో భూమి చేతులు మారిందా అని అడగాలి. మారలేదు. ఒక మనిషి గుడిసె నుంచి పీఠం దాకా నడిచి చూపించటం గొప్ప విషయమే. కాని ఆ నడకను చూపించి "చూడండి, మన వ్యవస్థలో అందరికీ దారి వున్నది" అని చెప్పేవాళ్లున్నారు. ఒక్కడు నడిచిన దారి వేలమందికి ఎందుకు మూసుకుపోయి వున్నదో వాళ్లు చెప్పరు.

పెద్దపాడు నుంచి నంద్యాల దారిలో ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం వున్నది. 2021లో దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 2019లో ఆయన మీద పెద్ద సినిమా వచ్చింది గనక మా పిల్లవాడు ఆ పేరు చూసి కారులోనే కత్తి తిప్పాడు. నంద్యాలలో ఆగి టీ తాగాము. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి జనతా పార్టీ తరఫున గెలిచిన ఒకే ఒక్కడు సంజీవరెడ్డి. గెలిపించినది ఈ నంద్యాల. 1991 ఉప ఎన్నికలో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుకు 5 లక్షల 80 వేల ఆధిక్యత ఇచ్చినదీ ఈ నంద్యాలే. ఒక రాష్ట్రపతినీ, ఒక ప్రధానినీ పంపిన నేల ఇది. ఇంత పెద్దవాళ్లను పంపిన నేల నుంచి కూలికోసం వలస పోవటం ఎందుకు ఆగలేదని నా భార్య అడిగింది. నంద్యాల చుట్టూ కాలువ నీళ్లున్నాయి గనక ఇక్కడ కొంత నయం. పడమటి తాలూకాల సంగతి వేరు.

కోయిలకుంట్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలో వుంది. 2022కు ముందు కర్నూలు జిల్లా. 1846లో కడప జిల్లా. ఆ ఏడు జులైలో నరసింహారెడ్డి తన అనుచరులతో ఈ ఊరి ఖజానా మీద పడ్డాడు. కుంఫిణీ ప్రభుత్వం ఆయన కుటుంబానికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు భరణంగా ఇచ్చేది. దాని విషయంలో జరిగిన అవమానం తిరుగుబాటుకు నిప్పురవ్వ అంటారు. కాని రవ్వ పడగానే అంటుకోవటానికి ఎండిన గడ్డి కూడా వుండాలి. ఆ గడ్డి ఎవరు? కట్టుబడి వాళ్లు. ఊళ్లకు కావలి కాసినందుకు తరతరాలుగా అనుభవిస్తున్న ఇనాము భూములను కుంఫిణీ ఒక్కొక్కటిగా గుంజుకున్నది. తిండి పోయిన వేలమంది పాలెగాడి వెనుక నడిచారు. 1847 ఫిబ్రవరి 22న జుర్రేరు ఒడ్డున, జనం చూస్తుండగా ఆయనను ఉరితీశారు. తలను కోట బురుజు మీద వేలాడదీశారు. అది 1877 దాకా అక్కడే వున్నదని చెబుతారు.

పాలెగాడు విప్లవకారుడని నేను చెప్పబోవటం లేదు. పాలెగాళ్ల వ్యవస్థ రైతు వీపు మీద నిలిచినదే. కాని భరణం కోసం మొదలైన పోరాటంలో భూమి పోయినవాళ్లు చేరగానే దాని స్వభావం మారింది. సినిమా ఈ రెండవ సంగతిని పక్కకు పెట్టి మొదటి దానికి రంగులు పూసింది. నరసింహారెడ్డికి కుడిభుజంగా నిలిచిన వడ్డె ఓబన్న పేరు ఇటీవలి సంవత్సరాలలో గాని సభలకు ఎక్కలేదు. వడ్డెరలు రాళ్లు కొట్టే కులం. ఈ సీమలో కోట గోడకు రాయి కొట్టినవాళ్లు వాళ్లే, చెరువు కట్టకు రాయి పేర్చినవాళ్లు వాళ్లే. కోట చూడవచ్చినవాడికి కోట ఏ రాజుదో చెబుతారు. రాయి ఎవరు కొట్టారో చెప్పరు.

కోయిలకుంట్ల దాటి దక్షిణంగా పోతుంటే ఒకచోట కాలువ కనిపించింది. మామ కారు ఆపించాడు. దసరా రోజులు గనక నీళ్లు నిండుగా పోతున్నవి. ఆయన గట్టు దిగి, చేత్తో నీళ్లు తాకి, వేగం చూసి, "పైన బాగానే వొదిలినారు" అన్నాడు. తర్వాత పాపకు చెప్పటం మొదలుపెట్టాడు. కర్నూలుకు ఎగువన తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట. అక్కడ బయలుదేరిన నీళ్లు కర్నూలు పట్నం మధ్యగా, హంద్రీ మీది వంతెన దాటి, నంద్యాల మీదుగా కుందూలో కలిసి, రాజోలి దగ్గర మళ్లీ కాలువకెక్కి, ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్నను ఆసరా చేసుకుని కడపకు చేరుతవి. మొత్తం పొడవు 300 కిలోమీటర్ల పైమాట. మనం ఆ రోజు పొద్దుటి నుంచి ఏ దారిన వస్తున్నామో నీళ్లూ అదే దారిన వస్తున్నవని పాపకు అర్థమయింది.

ఇంత పెద్ద కట్టడాన్ని తవ్వించినది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే లండను పెట్టుబడిదారుల సంస్థ. 1860ల నాటి మాట. పెట్టుబడి మీద అయిదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ పారినా పారకపోయినా వాటాదారుడికి వడ్డీ ముట్టేది. ఆ వడ్డీ మనదేశపు రైతు కట్టిన శిస్తు నుంచే పోయేది. నీళ్ల పన్ను కట్టలేక, నల్లరేగడిలో జొన్న, పత్తి పండించుకునే రైతులు మొదట్లో ఆ నీళ్లు ముట్టలేదు. కంపెనీ దివాలా స్థితికి రాగా 1882లో ప్రభుత్వం దాన్ని కొన్నది.

ఈ రెంటి మధ్య ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా. కాలువ పక్కనే మనుషులు మాడి చచ్చారు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనసంఖ్య దాదాపు నాలుగోవంతు తగ్గింది. కరువు పనుల్లో రాళ్లు కొట్టిన, మట్టి మోసిన మనిషికి దొరలు నిర్ణయించిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యమూ, పైన ఒకింత చిల్లరా. ఆ తిండితో పనిచేసే మనిషి బతకడని మద్రాసులోని ప్రభుత్వ వైద్యాధికారే ఆనాడు వాదించవలసి వచ్చింది. బురుజు మీది తలను 1877లో దించారన్న మాట నిజమైతే, ఆ ఏడే ఊరూరా శవాలు లేచినవి. తల ఎవరిదో మనకు తెలుసు. శవాలు ఎవరివో ఏ రాతి మీదా లేదు. కర్నూలు నుంచి కడప దాకా కోటలకు బోర్డులున్నవి, గుళ్లకు బోర్డులున్నవి. కాలువ తవ్వినవాళ్లకు గాని, కరువులో పోయినవాళ్లకు గాని ఒక్క బోర్డు మాకు కనిపించలేదు.

రెండవరోజు కడపలో బ్రౌన్ గ్రంథాలయం చూశాము. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని, తాళపత్ర గ్రంథాలు సేకరించి, ప్రతులు రాయించి, పాఠాలు సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. ఆయన నిఘంటువు 1850లలో వెలువడింది. ఆయన బంగళా వున్న స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల గ్రంథాలయం లేచింది. అది తర్వాత యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఎమ్మే తెలుగు చదివిన నాబోటివాడు అక్కడ చెప్పులు విడిచి లోపలికి పోతాడు. అందులో తప్పులేదు. సొంత జీతం పోసి, అప్పులపాలయి ఆయన ఈ పని చేశాడు.

కాని ఆ బంగళాలో కూర్చుని పాఠాలు సరిచూసినవాడు జూలూరి అప్పయ్య. తోడుగా వఠ్యం అద్వైతబ్రహ్మం వంటి వాళ్లున్నారు. వాళ్ల కింద రోజుకు ఇన్ని పుటలని కూలికి రాసిన వ్రాయసగాళ్లున్నారు. ఆ కాపీలు లేకపోతే మన ప్రాచీన కావ్యాలలో ఎన్ని చెదల పాలయ్యేవో! బ్రౌన్ తన పండితుల పేర్లను స్వయంగా చెప్పుకున్నాడు. యజమాని ఒప్పుకున్న సంగతిని ఆయన భక్తులు మరిచిపోయారు. "తెలుగును బ్రౌన్ దొర బతికించాడు" అని మా విద్యార్థులు పరీక్షలో రాస్తారు. తెలుగును తెలుగు మాట్లాడే రైతులూ కూలీలూ బతికించారు. పుస్తకాన్ని బ్రౌన్ డబ్బూ, పండితుల చదువూ, వ్రాయసగాళ్ల వేళ్లూ కలిసి బతికించాయి. ఈ లెక్క సరిగా చెప్పటం వల్ల బ్రౌన్ గౌరవం తగ్గదు.

ఇక్కడ మళ్లీ అమెరికా సంగతి ఎత్తాలి. మామ చూసిన ఆ ఇళ్లు మొదటి నుంచి నీళ్లు మోసినవాళ్ల సంగతి చెప్పలేదు. మౌంట్ వెర్నన్‌ను 1858లో ఒక మహిళా సంఘం కొన్నది. అక్కడ బానిసల శ్మశానం దగ్గర తగిన స్మారకం లేచినది 1983లో. మాంటిచెల్లోను 1923 నుంచి ఒక సంస్థ చూస్తున్నది. జెఫర్సన్ బిడ్డలను కన్న బానిస స్త్రీ సాలీ హెమింగ్స్ కథను ఒక గదిలో ప్రదర్శనగా పెట్టినది 2018లో. వాషింగ్టన్ అధ్యక్షుడుగా ఫిలడెల్ఫియాలో వున్న ఇంటి స్థలంలో, ఆ ఇంటిలో చాకిరీ చేసిన తొమ్మిదిమంది బానిసల పేర్లను రాతి గోడ మీద చెక్కినది 2010లో. వాళ్లలో ఓనా జడ్జ్ అనే యువతి 1796లో పారిపోయి, అధ్యక్షుడు మనుషులను పంపినా చిక్కకుండా స్వేచ్ఛగా చనిపోయింది. ఈ పేర్లు ఎవరి దయవల్లా రాలేదు. నల్లజాతి ప్రజలు దశాబ్దాల తరబడి వీధుల్లో పోరాడారు, వాళ్ల సంతతివారు తమ తాతముత్తాతల జాడలు తీశారు, చరిత్రకారులు జమాఖర్చుల పుస్తకాలు తిరగవేశారు. అప్పుడు గాని బోర్డులు మారలేదు. పోరాటంతో వచ్చిన బోర్డును కాపాడుకోవటానికి కూడా పోరాటమే కావాలి.

ఇదంతా యాత్రికుల కాలక్షేపం గురించిన చర్చ అని ఎవరైనా అనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. ఆదోని, కోసిగి వైపు నుంచి వచ్చి మా కళాశాలలో చదివే పిల్లలు కొందరు సంక్రాంతి దాటగానే తరగతిలో కనిపించరు. అమ్మానాయనలతో గుంటూరు మిరప కోతలకు పోతారు. ఒకసారి "మా ఊరి చరిత్ర" మీద వ్యాసం రాసుకురమ్మంటే వాళ్లలో ఒక పిల్లవాడు ఒకే వాక్యం రాశాడు: "మా ఊరికి చరిత్ర లేదు, ఎందుకంటే కోట లేదు." ఆ పిల్లవాడి ముత్తాతల కాలంలో ఆ తాలూకాలన్నీ ధాత కరువును దాటి వచ్చాయి. ఊరు మిగిలిందంటే అదే చరిత్ర. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. తనవాళ్లు చరిత్రలో లేరని నమ్మిన యువకుడు, చరిత్రను మార్చవచ్చునని ఎలా నమ్ముతాడు? తక్కువ కూలి ఇచ్చే మేస్త్రీని నిలదీసే ధైర్యం అతనికి ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకని ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. విద్యార్థులను విహారయాత్రకు తీసుకుపోయినప్పుడు కోట ఎవరిదని అడగటంతో ఆపకండి. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి, ఎవరు మోశారు, రాయి ఎవరు కొట్టారు, కూలి ఎంత, ఎవరు ఇవ్వలేదు అని అడిగించండి. జవాబులు గెజిటీర్లలో కొన్ని దొరుకుతవి, ముసలివాళ్ల నోళ్లలో ఇంకా ఎక్కువ దొరుకుతవి. ఈ ఏడు మా విద్యార్థులు కొందరు కె.సి. కాలువ మీద పనిచేసిన లస్కర్ల పేర్లను సెక్షన్ల వారీగా రాయటం మొదలుపెట్టారు. మామ తనకు గుర్తున్నవాళ్లవి చెప్పాడు. గట్టు తెగిన రాత్రి నీళ్లలో కొట్టుకుపోయిన ఒకతని పేరు చెప్పేటప్పుడు ఆయన కాసేపు ఆగాడు. ఆ పేరు ఇంతవరకు ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు మా విద్యార్థుల నోటుపుస్తకంలో వుంది. దాన్ని అక్కడి నుంచి తూము దగ్గరి రాతి మీదికి ఎక్కించటం ప్రభుత్వం పని. ఎక్కించేదాకా అడగటం మన పని.